పచ్చదీపం దేనికి సాక్ష్యం?



కంప్యూటర్ల అనుసంధానంలో ఇబ్బంది వచ్చినప్పుడు మా వంటి వారికి అందే ఫిర్యాదులలో ఒక వాక్యం తరచుగా వినిపిస్తుంది. "సార్, దీపాలన్నీ పచ్చగానే వెలుగుతున్నాయి, పని మాత్రం జరగడం లేదు." చెప్పేవారు పొరబడటం లేదు. పెట్టె కూడా అబద్ధమాడటం లేదు. కాని ఆ పచ్చదీపం దేనికి సాక్ష్యమో, దేనికి కాదో తెలియనందువల్ల గంటలు, ఒక్కొక్కప్పుడు దినాలు వ్యర్థమవుతున్నాయి. స్విచ్చికీ రూటరుకీ మధ్య తీగె బాగుండి, దీపం వెలుగుతూ, దారులు మాత్రం తెలియకుండా పోయే ఈ విచిత్ర వ్యాధిని గురించి ఈ నెల ముచ్చటిద్దాం. ఇందుకు పుదుచ్చేరి పట్టణాన్ని రంగస్థలంగా తీసుకుంటున్నాను. కారణం లేకపోలేదు.

2006 వరకు పాండిచ్చేరి అని వ్యవహరించిన ఈ కేంద్రపాలిత ప్రాంతం ఒకే చోట ఉన్న భూమి కాదు. పుదుచ్చేరి, కారైకాల్ తమిళనాడు తీరంలో ఉన్నాయి. మాహే కేరళలో అరేబియా సముద్రం ఒడ్డున ఉంది. మన యానాం ఆంధ్రదేశంలో గౌతమీ గోదావరి ఒడ్డున, పుదుచ్చేరికి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. యానాం పౌరుని దస్త్రం పుదుచ్చేరి సచివాలయం చేరాలంటే రెండు పొరుగు రాష్ట్రాల నేల దాటవలసిందే. కాగితం మీద ఒకే ఇంటివారు, భూమి మీద మాత్రం నాలుగు వేర్వేరు ఊళ్లవారు.

తపాలా శాఖవారు ఈ చిక్కును ఎలా పరిష్కరించారో చూడండి. 1972 ఆగస్టు 15న పిన్‌కోడు ప్రవేశపెట్టినప్పటినుంచి మన ఉత్తరాలు అంకెల మీద నడుస్తున్నాయి. పుదుచ్చేరి పట్టణం 605001. యానాం 533464. అంటే యానాం అంకె పాలకుల ఊరితో కాక, చుట్టూ ఉన్న గోదావరి సీమతో కలుస్తుంది. కారైకాల్ 609తోను, మాహే 673తోను మొదలవుతాయి. పరిపాలన ఎవరిదన్నది తపాలాకు అనవసరం. ఉత్తరం ఏ దారిన పోతే చేరుతుందన్నదే దానికి ప్రధానం. ఎవరైనా ఒక గుమాస్తా అత్యుత్సాహంతో "పుదుచ్చేరివన్నీ 605 సంచిలో వేయండి" అని నియమం పెడితే, యానాం ఉత్తరం పుదుచ్చేరి వీధులలో చిరునామా వెదుక్కుంటూ తిరుగుతుంది. కాబట్టి సార్టింగు చేసేవారు మొదటి మూడంకెలు చూసి సంచి నిర్ణయిస్తారు. చివరి మూడంకెలు కూడా తెలిస్తే మరింత కచ్చితంగా పంపుతారు. ఎక్కువ అంకెలు కలిసిన నియమానికే పెద్దరికం. రూటరు పాటించే మొదటి సూత్రం కూడా అక్షరాలా ఇదే. దీన్ని గుర్తుంచుకోండి, ముందు అవసరపడుతుంది.

ఇప్పుడు పాత్రల పరిచయం. స్విచ్చి ఒక వీధి తపాలా జవాను వంటిది. తన వీధిలో ఏ గుమ్మంలో ఎవరున్నారో దానికి కంఠతా వచ్చు. వీధి దాటి దానికేమీ తెలియదు. రూటరు సార్టింగు ఆఫీసు. దానికి గుమ్మాలతో పని లేదు, ఏ ఊరి సంచి ఏ బండి ఎక్కాలన్నదే దాని పని. ఈ రెండు పనులూ ఒకే పెట్టె చేయగలిగితే దానిని లేయర్ త్రీ స్విచ్చి అంటాము. మన కార్యాలయాలలో నడిమి గదిలో, చల్లని యంత్రం కింద కూర్చున్న పెద్ద పెట్టె సాధారణంగా ఈ జాతిదే. ఇక్కడొక చిన్న మాట. ఈ పెట్టెలలో కొన్ని రకాలకు దారులు చూసే గుణం ఉన్నా, కొత్తగా వచ్చినప్పుడు అది నిద్రావస్థలో ఉంటుంది. ఒక ఆజ్ఞతో మేల్కొల్పాలి. ఆ ఒక్క ఆజ్ఞ మరచి రెండు రోజులు తీగెలు మార్చినవారు ఉన్నారు.

రూటరుకు దారులు ఎలా తెలుస్తాయి? రెండు పద్ధతులు. ఒకటి, మనమే చీటీ రాసి ఇవ్వటం. దీనిని స్టాటిక్ రూటు, అనగా స్థిరమార్గం అంటారు. రెండవది, రూటర్లు తమలో తాము మాట్లాడుకుని తెలుసుకోవటం. ఇది డైనమిక్ రూటింగు. పుదుచ్చేరి వెళ్లినవారికి ఈ భేదం సులభంగా బోధపడుతుంది. ఆ పట్టణం వీధులు చదరంగపు గళ్లవలె ఉంటాయి. 1693 నుంచి 1699 వరకు ఊరు డచ్చివారి చేతిలో ఉన్నప్పుడు గీసిన ప్రణాళిక ఆ తిన్నని వీధులకు మూలమంటారు. ఆదివారంనాడు మహాత్మా గాంధీ రోడ్డు మీద సంత కూడుతుంది, ఆ రోడ్డున బండి కదలదు. చేతిలో చీటీ మాత్రమే ఉన్న కొత్త డ్రైవరు "గాంధీ రోడ్డున తిన్నగా పోవాలి" అని రాసి ఉంది కనుక ఆ జనంలోకే పోయి ఇరుక్కుంటాడు. స్థానికుడైన ఆటోవాడు మాత్రం ఎదురుగా వచ్చే మరో ఆటోవాడిని ఒక్క మాట అడిగి, పక్కనున్న మిషన్ వీధికి మళ్లుతాడు. చీటీ తప్పు కాదు. అది రాసిన రోజు సోమవారం, అంతే.

రూటర్ల సంభాషణకు అనేక భాషలున్నాయి. మన వంటి సంస్థలలో విరివిగా వాడేది ఓ.ఎస్.పి.ఎఫ్. అనే భాష. 1989లో మొదటి రూపం, 1998లో నేటికీ ఆధారంగా ఉన్న రెండవ రూపపు ప్రమాణపత్రం వెలువడ్డాయి. అంతకు పూర్వం ప్రచారంలో ఉన్న ఆర్.ఐ.పి. అనే భాషలో ప్రతి రూటరూ ముప్పయి క్షణాలకు ఒకమారు "ఫలానా ఊరు నాకు ఇన్ని మజిలీల దూరం" అని పొరుగువారికి చెప్పేది. పొరుగువాడి మాటను నమ్మి, ఒకటి కలుపుకుని, మరొకరికి చెప్పటమే. ఊరి దారి తెగిపోయిన తరువాత కూడా ఇద్దరు పొరుగువారు "నీకు తెలుసన్నావుగా" అంటే "నీకు తెలుసన్నావుగా" అనుకుంటూ దూరాన్ని ఒక్కొక్కటిగా పెంచుకుంటూ పోయేవారు. అందుకే 16 మజిలీలంటే అనంతం, ఇక దారి లేనట్టే అని హద్దు పెట్టారు. ఓ.ఎస్.పి.ఎఫ్. ఈ కాకి కబుర్ల పద్ధతిని వదిలింది. ఇందులో ప్రతి రూటరూ తనకు ప్రత్యక్షంగా తెలిసిన కొమ్మలను మాత్రమే ప్రకటిస్తుంది. అందరి ప్రకటనలూ అందరికీ చేరుతాయి. ప్రతి ఒక్కరూ మొత్తం పటాన్ని తమ వద్దనే తయారుచేసుకుని, అతి తక్కువ ఖర్చు దారిని తామే లెక్క కడతారు. ఆ లెక్క డైక్‌స్ట్రా అనే డచ్చి శాస్త్రజ్ఞునిది. 1956లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కాబోయే భార్యతో కలిసి ఒక కాఫీ హోటలులో కూర్చుని, కాగితం కలం లేకుండా ఇరవై నిమిషాలలో దానిని మనసులోనే కట్టుకున్నానని ఆయన తరువాతి కాలంలో చెప్పారు. 1959లో ప్రచురించారు. పెళ్లి కావలసినవారు కాఫీ తాగుతూ మాట్లాడుకోవలసిన విషయాలు ఇంకా ఉన్నాయని మా ఇంట్లో అభిప్రాయం.

ఈ పటం తయారు కావాలంటే ముందు ఇరుగుపొరుగు మధ్య నమ్మకమైన పరిచయం కుదరాలి. అసలు కథంతా ఇక్కడే ఉంది.

ఒక ఉదాహరణ చెబుతాను. రెండు మూడు చోట్ల నా అనుభవంలోకి వచ్చినవాటిని కలిపి ఒకే కథగా అల్లుతున్నాను. ఏ కార్యాలయమన్నది అప్రస్తుతం. పుదుచ్చేరిలో ఒక కార్యాలయం ఉన్నదనుకోండి. నడుమ ఒక లేయర్ త్రీ స్విచ్చి. దానికి రెండు రూటర్లు. మొదటి రూటరు ఒక సంస్థ వేసిన ఫైబరు తీగె ద్వారా ప్రధాన కార్యాలయానికి పోతుంది. రెండవ రూటరు మరొక సంస్థ దారిన, వేరే దిక్కుగా పోతుంది. రెండవది నెమ్మది దారి, మొదటిది పడిపోయినప్పుడు ఆదుకోవటానికి. యానాంలోని చిన్న శాఖ కూడా ఈ కార్యాలయానికే అనుబంధం. మొదటి రూటరు పాతబడిందని కొత్తది బిగించారు. తీగె పెట్టారు. పచ్చదీపం వెలిగింది. దారులు రాలేదు.

అక్కడి యువ ఇంజనీరు ఫోను చేసింది. "సార్, పింగ్ వెళుతోందండి, దీపం ఉందండి, రూటు మాత్రం ఒక్కటి కూడా రావడం లేదండి. రూటరు ఆపి వేయమంటారా?"

"తొందరపడకమ్మా. ముందు పొరుగువాడి స్థితి ఏమని చూపిస్తోందో చదువు."

ఆ ఒక్క ప్రశ్న ఎందుకంటే, ఓ.ఎస్.పి.ఎఫ్. పరిచయం పెళ్లి సంబంధంవలె మెట్లు మెట్లుగా సాగుతుంది, ఏ మెట్టు మీద ఆగిందో పెట్టే స్వయంగా చెబుతుంది. మెట్లను వాడుకలో డౌన్, ఇనిట్, టూ-వే, ఎక్స్‌స్టార్ట్, ఎక్స్ఛేంజి, లోడింగు, ఫుల్ అని పిలుస్తారు. ఆగిన మెట్టు తెలిస్తే రోగం సగం తెలిసినట్టే. తెలుసుకోకుండా పెట్టెను ఆపి వేయటం నాడి చూడకుండా మందు ఇవ్వటమే. పైగా పెట్టె ఆగితే దాని జ్ఞాపకంలోని ఆనవాళ్లు కూడా తుడిచిపెట్టుకుపోతాయి.

పొరుగువాడే కనబడకపోతే? రూటర్లు సాధారణంగా పది క్షణాలకు ఒకసారి 224.0.0.5 అనే సామూహిక చిరునామాకు "హలో" అని పలుకుతాయి. నలభై క్షణాలు హలో వినబడకపోతే పొరుగువాడు లేడని నిర్ధారిస్తాయి. ఆ హలోలో పలికే విరామకాలం, ఏరియా సంఖ్య, సబ్‌నెట్ మాస్కు, సంకేతపదం ఉంటాయి. వీటిలో ఏ ఒక్కటి కలవకపోయినా అవతలివాడు ఆ హలోను మాట్లాడకుండా చెత్తబుట్టలో వేస్తాడు. గొడవ పెట్టుకోడు, ఫిర్యాదు చేయడు. మౌనమే. స్విచ్చి మధ్యలో ఉన్నప్పుడు ఇంకొక సందు ఉంది. ఒకే స్విచ్చిలో వీ.ల్యాన్ అనే అదృశ్యపు గోడలు కట్టి గదులుగా విభజిస్తాము. రూటరు తీగెను ఒక గది పోర్టులోను, స్విచ్చి యొక్క దారులు చూసే ముఖాన్ని మరొక గదిలోను పెడితే, దీపం వెలుగుతుంది, ఒకరి పలుకు మరొకరికి వినబడదు. దీపానికి గోడల సంగతి తెలియదు.

మరొక మాట. తీగె పెట్టగానే స్విచ్చి ఆ పోర్టును వెంటనే వాడనివ్వదు. స్విచ్చిల వలయంలో సందేశాలు గుండ్రంగా తిరిగి ఊపిరాడకుండా చేయకూడదని స్పానింగ్ ట్రీ అనే కాపలా ఉన్నది. 1985లో రేడియా పెర్ల్‌మన్ అనే మహిళా శాస్త్రజ్ఞురాలు దీనిని రూపొందించారు. దాని పాత పద్ధతిలో పదిహేను క్షణాలు వింటుంది, మరో పదిహేను క్షణాలు నేర్చుకుంటుంది, ఆ తరువాతనే ద్వారం తెరుస్తుంది. ఈ ముప్పయి క్షణాలూ ఆగలేక తీగె పీకి మళ్లీ పెట్టేవారు ప్రతిసారీ లెక్కను మొదటికి తెస్తారు. అటువంటివారికి రోజంతా ఆ ముప్పయి క్షణాలలోనే గడుస్తుంది.

ఇనిట్ దగ్గర ఆగితే "అతని మాట నాకు వినబడుతోంది, నా మాట అతనికి వినబడటం లేదు" అని అర్థం. ఒక దిక్కున మాత్రమే ఏదో అడ్డుపడుతోంది. వడపోత నియమాలను చూడాలి. టూ-వే దగ్గర ఆగటం అన్నివేళలా లోపం కాదు. ఒకే స్విచ్చి మీద అనేక రూటర్లున్నప్పుడు అందరూ అందరితో పటాలు మార్చుకుంటే రభస కనుక, మన సంక్షేమ సంఘంలోవలె ఒక అధ్యక్షుని, ఒక ఉపాధ్యక్షుని ఎన్నుకుంటాయి. సభ్యులు పటాలను వారితోనే మార్చుకుంటారు, తమలో తాము టూ-వే పలకరింపుతో సరిపెట్టుకుంటారు. అది ఆరోగ్యమే. ఉన్నది ఇద్దరే అయి, ఇద్దరికీ ఎవరో ప్రాధాన్యసంఖ్య సున్నా పెట్టి ఉంటే మాత్రం ఎవరూ అధ్యక్షులు కారు, సభ ఎన్నటికీ మొదలుకాదు.

మన ఉదాహరణలోని అమ్మాయి చదివి చెప్పింది. "ఎక్స్‌స్టార్ట్ అంటోంది సార్. కాసేపటికి డౌన్ అంటోంది. మళ్లీ ఎక్స్‌స్టార్ట్."

ఈ లక్షణం చూడగానే అనుభవజ్ఞుల చేయి మొదట ఎం.టి.యు. మీదికి పోతుంది. ఒక పోర్టు గుండా ఒకేమారు పోగల అతిపెద్ద ప్యాకెట్టు కొలత అది. ఈథర్‌నెట్‌లో వాడుక 1500 బైట్లు. కాని కొన్ని పెద్ద స్విచ్చిలలో భారీ ఫైళ్ల రవాణా కోసం దీనిని 9000 ప్రాంతానికి పెంచి ఉంచుతారు. ఎక్స్‌స్టార్ట్ దాటి పటాల సూచికలను మార్చుకునేటప్పుడు ప్రతి పెట్టె తన ఎం.టి.యు.ను ఆ సూచికలోనే ప్రకటిస్తుంది. రూటరు 1500, స్విచ్చి 9000 అనుకోండి. ఆ అంకె చూసిన రూటరు "అంత పెద్ద సంచి నా గుమ్మంలో పట్టదు, నీతో ఒప్పందం కుదరదు" అని ఆ సూచికను తిరస్కరిస్తుంది. స్విచ్చి మళ్లీ పంపుతుంది. మళ్లీ తిరస్కారం. కొన్ని ప్రయత్నాల తరువాత సంబంధం తెగి, మళ్లీ హలో నుంచి మొదలు. హలోలు చిన్న ప్యాకెట్లు కనుక హాయిగా పోతాయి. మనం చేసే పింగ్ కూడా నూరు బైట్ల లోపు చిన్న పలకరింపే. అందుచేతనే దీపం సరే, పింగ్ సరే, పరిచయం సరే, ఒప్పందం మాత్రం లేదు. పొడుగాటి నిచ్చెన తెచ్చినవాడిని గుమ్మం దగ్గర కుశలమడిగితే ఇద్దరికీ ఇబ్బంది లేదు, నిచ్చెన లోపలికి తేవాలన్నప్పుడే అసలు సంగతి బయటపడుతుంది.

దీనికి విరుగుడు రెండు వైపులా ఒకే కొలత పెట్టటం. నిమిషం పని. "ఎం.టి.యు. తేడాను పట్టించుకోకు" అని రూటరుకు చెప్పే ఆజ్ఞ కూడా ఒకటి ఉన్నది. అది వేయగానే ఫుల్ అని చూపిస్తుంది, అందరూ చప్పట్లు కొడతారు. జాలం చిన్నదైనంత కాలం నడుస్తుంది. రేపు శాఖలు పెరిగి, పటం పెద్దదై, ఒకే ప్రకటన 1500 దాటిన రోజున పెద్ద ప్యాకెట్లు చప్పుడు లేకుండా మాయమవుతాయి. అప్పటికి ఆ ఆజ్ఞ వేసినవారు బదిలీ అయి ఉంటారు. నా మటుకు నేను ఆ ఆజ్ఞను సమర్థించను.

ఎక్స్‌స్టార్ట్‌కు మరో కారణం, ఇద్దరికీ ఒకే రూటరు గుర్తుసంఖ్య ఉండటం. పాత పెట్టె అమరికను కొత్తదానిలోకి యథాతథంగా ఎక్కించేటప్పుడు ఇది జరుగుతుంది. దానిని ఇంతటితో వదులుతున్నాను, ఎందుకంటే మన కథలోని అసలు ప్రమాదం ఎం.టి.యు.లోను లేదు, గుర్తుసంఖ్యలోను లేదు.

అసలు ప్రమాదం చీటీలో ఉంది. ఆ ఫోను రావటానికి ముందు రోజు సాయంత్రం, జీతాల బిల్లులు పంపవలసిన తొందరలో, ఎవరో స్విచ్చిలో ఒక స్థిరమార్గం రాశారు. "ప్రధాన కార్యాలయానికి పోవలసినవన్నీ మొదటి రూటరుకు ఇవ్వు." తిరుగు ప్రయాణానికి రూటరులో కూడా అటువంటిదే మరొకటి. "ఇవాళ్టికి" అనుకునే రాశారు. బిల్లులు వెళ్లాయి. మరునాడు ఎం.టి.యు. సరిచేయగానే పరిచయం ఫుల్ అయింది, దారులన్నీ వచ్చాయి. చీటీని తీసివేయటం ఎవరి పనీ కాలేదు. లాగ్ బుక్కులో దాని ఊసు లేదు కనుక ఫోనులో మాట్లాడిన ఇద్దరికీ అది ఉన్నదనే తెలియదు. సర్వం సుఖంగా నడుస్తోంది కనుక ఎవరూ వెదకలేదు.

ఇక్కడ రెండు విషయాలు చెప్పాలి. ఒకే ఊరికి ఒకే కొలత గల రెండు దారులు తెలిసినప్పుడు, మనిషి రాసిన చీటీని చాలా పెట్టెలు సంభాషణకంటె ఎక్కువగా గౌరవిస్తాయి. యజమాని స్వహస్తాలతో రాశాడు గదా అని వాటి మర్యాద. రెండవది, ఆ చీటీ చెల్లుబాటులో ఉండటానికి కావలసినది పోర్టు దీపం వెలుగుతూ ఉండటమే. ఆ దీపం చెప్పేది ఏమిటి? "నా తీగె అవతలి కొసన ఉన్న పెట్టెకు కరెంటు ఉంది" అని మాత్రమే. ఆ పెట్టె దాటి ఫైబరు తెగినా, గోదావరి పొంగినా దానికి తెలియదు. రెండు రూటర్ల మధ్య ఒక స్విచ్చి ఉంటే అవతలి రూటరు చనిపోయినా ఇవతలి దీపం వెలుగుతూనే ఉంటుంది, ఎందుకంటే అది వెలిగేది స్విచ్చిని చూసి. హలో అనే పలకరింపును కనిపెట్టిందే ఈ లోటు తీర్చటానికి. దీపం పక్కపెట్టెకు మాత్రమే సాక్ష్యం. పొరుగు రూటరు బతికి ఉన్నదనటానికి సంభాషణ ఒక్కటే సాక్ష్యం.

ఈశాన్య రుతుపవనాల కాలంలో పుదుచ్చేరి తీరం ఎలాంటిదో మనకు తెలుసు. 2011 డిసెంబరు 30 ఉదయం థానే తుపాను పుదుచ్చేరి, కడలూరుల మధ్య తీరం దాటి ఊరంతటా చెట్లను, స్తంభాలను కూల్చింది. 2024 నవంబరు 30న ఫెంజల్ తుపాను పుదుచ్చేరి దగ్గరే తీరం దాటినప్పుడు ఒక్క రోజులో నలభై సెంటీమీటర్లకు మించి వాన పడి వీధులు కాలువలయ్యాయి. యానాం వైపు 1996 నవంబరు 6 రాత్రిని కోనసీమవారు ఈనాటికీ మరచిపోలేదు. రెండు దారులు పెట్టుకునేది ఇటువంటి రాత్రుల కోసమే.

మన కథలో అటువంటి ఒక రాత్రి మొదటి సంస్థ ఫైబరు తెగింది. రెండవ దారి చెక్కుచెదరలేదు. స్విచ్చి మాత్రం చీటీ ప్రకారం ప్రతి ప్యాకెట్టునూ మొదటి రూటరుకే ఇస్తున్నది. ముందుకు దారి లేని ఆ రూటరు వచ్చినదాన్ని వచ్చినట్టు పారవేస్తున్నది. బ్యాటరీ మీద అన్ని పెట్టెలూ పనిచేస్తున్నాయి, అన్ని దీపాలూ పచ్చగా ఉన్నాయి. అదే సమయంలో ఉద్యోగ విరమణ చేసిన ఒకరిని గుండెనొప్పితో ఆసుపత్రికి తీసుకువెళ్లారు. వారి కుటుంబ సభ్యులు ఆ వానలో తడుస్తూ వైద్య అనుమతి పత్రం కోసం కార్యాలయానికి వచ్చారు. పత్రం ప్రధాన కార్యాలయపు కంప్యూటరులో సిద్ధంగా ఉన్నది. ఇక్కడికి రావటానికి మంచి దారి కూడా ఉన్నది. రాదు. డ్యూటీలో ఉన్న అధికారి తన పూచీ మీద తెల్లకాగితం మీద చేతిరాతతో అనుమతి రాసి, ముద్ర వేసి ఇచ్చారు. ఆసుపత్రివారు మన్నించారు. తెల్లవారాక మన యువ ఇంజనీరు రెండవ రూటరులోనికి పోయి చూసి, అక్కడ దారులన్నీ సవ్యంగా ఉండటం గమనించి, స్విచ్చిలో మాత్రం ఎందుకు లేవని వెదికితే చీటీ దొరికింది. ఆ ఒక్క వరుస తీసివేయగానే ప్యాకెట్లు రెండవ దారిన పోసాగాయి.

ఇది చిన్న కార్యాలయాలకే పరిమితమైన జబ్బు కాదు. 2008 ఫిబ్రవరి 24న పాకిస్థాన్‌లో యూట్యూబును ఆపమని ప్రభుత్వం ఆదేశించినప్పుడు, పాకిస్థాన్ టెలికాంవారు తమ దేశం లోపల ఆ చిరునామాలకు ఒక శూన్యమార్గం వేశారు. ఇంటి లోపలికి ఉద్దేశించిన ఆ దారి సంభాషణలో కలిసి వీధిలోకి, అక్కడి నుంచి ప్రపంచంలోకి పోయింది. యూట్యూబువారి ప్రకటనకంటె పాకిస్థాన్ ప్రకటనలో ఎక్కువ అంకెలు కలిశాయి. పిన్‌కోడు సూత్రం గుర్తున్నది గదా? ప్రపంచంలోని చాలా భాగం నుంచి యూట్యూబుకు పోవలసిన ప్యాకెట్లు సుమారు రెండు గంటలపాటు ఆ శూన్యం వైపు పరుగెత్తాయి.

సంభాషణను నమ్మటంలోనూ ప్రమాదం లేకపోలేదు, నిజం చెప్పాలి. 1980 అక్టోబరు 27న, ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్ కొన్ని గంటలపాటు స్తంభించింది. ఒక యంత్రం జ్ఞాపకంలో బిట్లు జారిపోయి, ఒకే ప్రకటన మూడు వేర్వేరు వరుససంఖ్యలతో బయలుదేరింది. ఆనాటి లెక్కలో సంఖ్యలు గడియారపు ముల్లువలె గుండ్రంగా తిరిగేవి. అందువల్ల మొదటిదానికంటె రెండవది, రెండవదానికంటె మూడవది, మూడవదానికంటె మొదటిది కొత్తదని ప్రతి యంత్రమూ భావించి, మూడింటినీ ఆగకుండా పంచుతూ కూర్చున్నది. ఈనాటి ఓ.ఎస్.పి.ఎఫ్.లో వరుససంఖ్య గుండ్రంగా తిరగదు. ప్రతి ప్రకటనకూ సరిచూపు మొత్తం, వయసు ఉంటాయి. గంట వయసు మించినది చెల్లదు. అవన్నీ అటువంటి దినాల దెబ్బలు తిన్న తరువాత వచ్చిన కట్టుబాట్లు.

శాఖల బాధ్యులకు నా విన్నపం ఒకటే. అక్టోబరులో ఈశాన్య వానలు మొదలుకాకముందు ఒక సెలవురోజున ముందుగా అందరికీ తెలియజేసి మొదటి దారిని చేతులారా తెంచి చూడండి. స్విచ్చి పక్కనున్న తీగె పీకితే చాలదు. అప్పుడు దీపం ఆరిపోయి చీటీ దానంతట అదే రద్దవుతుంది, పరీక్ష నెగ్గినట్టు కనబడుతుంది. రూటరు అవతల, ఫైబరు కొసన తెంచాలి. దీపాలన్నీ పచ్చగా ఉండగా నిమిషంలోపు పని రెండవ దారికి మళ్లాలి. మళ్లకపోతే ఎక్కడో చీటీ ఉన్నది. వెదకండి. అత్యవసరంలో చీటీ రాయటం తప్పని నేననను, నేనూ రాస్తాను. ఎవరు రాశారు, ఎందుకు రాశారు, ఏ తేదీన తీసివేయాలి అనే మూడు ముక్కలు లాగ్ బుక్కులోను, పెట్టెలో ఆ వరుస పక్కన వ్యాఖ్యగాను ఉండాలి. యానాం వంటి దూరపు శాఖలలో అయితే ఆ పెట్టె మీద కాగితం అంటించి రాసినా తప్పులేదు. అక్కడికి మనిషిని పంపటానికి ఒక రాత్రి రైలు ప్రయాణం పడుతుంది.

ఇక ఇళ్లలోని వారికి. "మా ఇంటి వై-ఫై పెట్టె కూడా రూటరే గదా, దానికి ఈ బాధలన్నీ ఉంటాయా?" అని కొందరు అడుగుతున్నారు. మీ పెట్టెలో రూటరు, స్విచ్చి, రేడియో మూడూ కలిసి ఉంటాయి. కాని దానికి బయటి దారి ఒక్కటే కనుక ఎవరితోను దారుల సంభాషణ చేయవలసిన అవసరం సాధారణంగా ఉండదు. దాని చేతిలో ఉన్నది కూడా చీటీయే, "తెలియనివన్నీ కంపెనీవారికి ఇవ్వు" అని. అందుచేత మీ పెట్టె మొరాయించినప్పుడు ఒకసారి ఆపి, అర నిమిషం ఆగి వేయటం ఇంట్లో మంచి వైద్యమే. ఆఫీసు పెట్టె మీద మాత్రం దయచేసి ఆ వైద్యం చేయకండి. ముందు పొరుగువాడి స్థితి చదివి, కాగితం మీద రాసుకుని, అప్పుడు మాకు ఫోను చేయండి.